అడిగించే కుర్చీ

నెలాఖరు ఆదివారం వచ్చిందంటే హైమావతికి తలనొప్పే. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు ఆడవాళ్లంతా నెలనెలా వేసుకున్న చందా ఎవరికివ్వాలో తేల్చడానికి హాల్లో చేరతారు. ఏం తేలుస్తారు, వాళ్ల మొహం! ఒకరు సర్కండాలో బధిర పిల్లల బడికంటారు, ఇంకొకరు రతన్‌పూర్ గోశాలకంటారు. మధ్యలో సమోసాల్లో ఉప్పెక్కువైందని మరో గొడవ.

ఇంటి దగ్గరేమో పక్షవాతంతో మంచాన పడ్డ భర్త త్రినాథరావు. వేళకి ఒత్తిగిలించకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. ఎత్తి ఎత్తి ఆవిడ నడుం పోయింది. ఇంకెన్నాళ్లు ఎత్తగలదో ఆవిడకే తెలీదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సాయం చేసే సంఘానికి పెద్దయి ఉండి తనే సాయమడిగితే ఏం బాగుంటుంది?

హాల్లో పాత వెయిటింగ్ రూం కుర్చీ ఒకటుంది. అందులో కూర్చున్నవాళ్లు తమకి నిజంగా ఏం కావాలో చెప్పేదాకా లేవలేరు. చందా కోసం వచ్చినవాళ్లని అందులోనే కూర్చోబెడతారు, ఎంక్వైరీల శ్రమ ఉండదు. పోయిన నెల ఒక ట్రస్టు ప్రెసిడెంటు అనాథల కోసం కన్నీళ్లు పెట్టుకున్నాడు గానీ, తన గదికి ఏసీ కావాలని ఒప్పుకున్నాకే లేవగలిగాడు. టీ తాగించి పంపేశారు.

ఆ రోజూ వాదన తెగలేదు.

"ఛలో, చేతులెత్తండమ్మా! నేను ఇంటికి పోవాల!" అని అరిచేసరికి హైమావతి నడుం కలుక్కుమంది. కళ్లు బైర్లు కమ్మి, చేతికందిన కుర్చీలో కూలబడింది. ఆ కుర్చీలోనే.

"అయ్యో వదినా, అందులో కూకున్నావేటి!" అంది పక్క క్వార్టర్ అప్పలకొండ.

"నాకేటీ అక్కర్లేదు," అంది హైమావతి. కుర్చీ వదల్లేదు.

"సరే, నడుంనొప్పికి మందు కావాల." వదల్లేదు. ఎవరో కిసుక్కుమన్నారు. హైమావతికి ఒళ్లు మండిపోయింది.

"దిక్కుమాలిన కుర్చీ! మా ఆయన్ని ఒక్కదాన్నీ ఎత్తలేకపోతన్నాను. రోజూ ఎవరో ఒకరొచ్చి ఓ పక్క పట్టుకోవాల. చాలా? ఇంక లెగనిస్తావా?"

కుర్చీ వదిలేసింది. నవ్వినవాళ్లు తలలు దించుకున్నారు. హైమావతికి సిగ్గుతో ఏడుపొచ్చింది.

"ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నావేటి? మీ ఇంటి తాళంచెవి ఇలాగియ్యి," అని కసిరి, అప్పలకొండ ముందు నడిచింది. మిగతావాళ్లూ వెనకే వచ్చి, రేపటి వంతు నాదంటే నాదని వాకిట్లో పోట్లాట మొదలెట్టారు.

లోపల అప్పలకొండ మంచానికి అటు పక్క నిలబడింది. హైమావతి అలవాటుగా ఊపిరి బిగబట్టి భర్తని ఎత్తింది. చేతుల్లోకి సగం బరువే వచ్చింది.