ఆరో ఓవర్‌కు గడి లేదు

ఆ ఆదివారం నేను చేయవలసిన పనులు రాసుకున్నాను. పొద్దున్నే గ్రౌండుకు పోయి పిచ్ తడపాలి. సున్నం గీతలు వేయించాలి. టెన్నిస్ బంతులు రెండు డబ్బాలు తేవాలి. పదిహేను మందికి బిరియాని చెప్పాలి. స్కోరు బుక్కులో కొత్త పేజీ గీసుకోవాలి. ఫైనల్లో ఆఖరి ఓవర్ కాశింవలికి ఇమ్మని రఘునాథన్నను అడగాలి.

మొదటి ఐదూ ఎనిమిది గంటలకల్లా అయిపోయాయి.

రఘునాథన్నకు చిత్తూరులో మామిడికాయల మండీ ఉంది. మా నాయన మునిరామయ్య అక్కడే బుట్టలు మోస్తాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కడినే కాబట్టి, అన్న తన క్రికెట్ టీము రాతపనంతా నాకు అప్పజెప్పాడు. ఆటగాళ్లకు మ్యాచ్‌కింత అని ఇస్తాం. మొదట్లో బౌలర్లందరికీ ఒకటే రేటు. రెండేళ్ల కింద అన్న ఫోన్‌లో బేస్‌బాల్ గురించి ఏదో చూశాడు. అమెరికాలో ఆడే ఆ ఆటలో, బంతి విసిరేవాడు అలిసిపోతే మధ్యలో ఇంకొకణ్ణి దించుతారట. అట్లా దిగినవాళ్లలో ఆట ముగించేవాడికి జీతం ఎక్కువట, నడుమ ఆదుకునేవాడికి తక్కువట. మనమూ అట్లే చేద్దామన్నాడు.

మాది ఎనిమిది ఓవర్ల ఆట. ఎనిమిదోది వేసేవాడికి మూడు వేలు, నడుమ వేసేవాడికి ఆరు వందలు అని తీర్మానమైంది. వచ్చే సీజన్‌లో ఎవరు ఏ రేటుకు వస్తారో తేల్చడానికి కంప్యూటర్‌లో షీటు చేయమన్నాడు. చేశాను. వికెట్లకు ఒక గడి, ముగించిన మ్యాచ్‌లకు ఒక గడి. శుభ్రంగా ఉందని అన్న మెచ్చుకున్నాడు.

కాశింవలి ఆరో ఓవర్ వేస్తాడు. అవతలివాళ్లు బాదడం మొదలుపెట్టినప్పుడు కెప్టెన్ చూసేది అతని వైపే. మామూలు రోజుల్లో సోఫాలు కుట్టే షాపులో పని, రోజుకు ఎనిమిది వందలు. అంటే మ్యాచ్‌కు వచ్చిన ప్రతి ఆదివారమూ రెండు వందలు పోగొట్టుకుని ఆడుతున్నాడు. అతని భార్య దిల్షాద్ బీ రెండేళ్లు ఊరుకుంది. ఇక చాలంది.

ఫైనల్‌కు రెండు రోజుల ముందు నా దగ్గరికి వచ్చాడు.

"ఆఖరి ఓవర్ నాకిప్పించప్పా. ఒక్క మ్యాచ్ ముగించినట్టు పడితే రేటు మారతాది. లేకుంటే ఇంతే, ఇంక రాను."

బెణికిన భుజానికి అతను వేయించుకున్న పుత్తూరు కట్టు విప్పి వారం కూడా కాలేదు. తైలం వాసన వస్తూనే ఉంది. నొప్పిగా ఉందా అని అడిగాను.

"నొప్పికి గూడా గడి ఉండాదా నీ షీట్లో?" అని నవ్వాడు.

ఆదివారం రఘునాథన్న టెంటు కింద కూర్చుని ఉంటే పోయి అడిగాను. షీటు తియ్యమన్నాడు.

"వలి ముగించినవి ఎన్నబ్బా?"

"సున్నా అన్నా."

"ఆఖరిది వేసే గిరివి?"

"పదకొండు."

"మల్లింకేంది? నువ్వు రాసిందే గదబ్బా."

ముగించే ఓవర్ ఏనాడూ అతనికి ఇవ్వలేదని నేను చెప్పాల్సింది. టెంటు పక్కన మా నాయన నీళ్ల క్యాన్లు దించుతున్నాడు. నేను షీటు మూసేశాను.

కాశింవలికి ఏమీ చెప్పలేదు. అతనూ అడగలేదు.

ఐదు ఓవర్లయ్యేసరికి అవతలివాళ్లకు పద్దెనిమిది బంతుల్లో ముప్పై ఒక్క పరుగులు కావాలి. క్రీజులో ఇద్దరూ కుదురుకుని ఉన్నారు. కెప్టెన్ బంతి కాశింవలికి ఇచ్చాడు. ఆ ఇద్దరూ ఆ ఓవర్లోనే అవుటయ్యారు. నాలుగు పరుగులు వచ్చాయి. ఓవర్ అయ్యాక అతను కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని బౌండరీ దగ్గర నిలబడ్డాడు. ఏడో ఓవర్లో పన్నెండు పోయాయి. ఆఖరిది గిరి వేశాడు, తొమ్మిది ఇచ్చాడు. గెలిచాం. గిరిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. గడిలో పదకొండు కొట్టేసి పన్నెండు రాశాను. కాశింవలి వరసలో సున్నా అట్లే ఉంది.

బిరియాని తిన్నాక కవర్లు పంచాను. కాశింవలి ఎడమచేత్తో తీసుకున్నాడు.

"ఆ గడి గీసింది నువ్వే గదప్పా," అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఇంకొకటి గీసుంటే సరిపోయుండేది."

నాకు ఏమీ అనిపించలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను. పెట్టి, బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి సీజన్‌కు రాలేదు. ఇప్పుడు ఆదివారాలు కూడా షాపులోనే ఉంటున్నాడని విన్నాను. షీటులో ఇంకో గడి గీశాను. బౌలర్ దిగేటప్పటికి ఎన్ని బంతులకు ఎన్ని పరుగులు కావాలో అందులో రాస్తున్నాను. అన్న ఆ గడి చూడడు.

మండీ గోడకు కప్పు ఫోటో ఉంది. నడుమ గిరి ఉంటాడు, పక్కన అన్న, ఒక చివర స్కోరు బుక్కుతో నేను. కాశింవలి అందులో లేడు, అప్పటికే బస్సెక్కేశాడు. ఎప్పుడైనా కాయలు కొనడానికి వచ్చి ఆ ఫోటో చూస్తే, ఆరో ఓవర్ వేసిన మనిషి ఒకడున్నాడని, అతని పేరు కాశింవలి అని దయచేసి గుర్తు పెట్టుకోండి.