పాడైన రీడింగులు

“తలుపు వేసుకోమ్మా, పొగంతా హాల్లోకి వస్తోంది,” అంది మా అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండానే. వేసుకున్నాను. నూనె కాగింది, ఉల్లిపాయలు మాడాయి, కళ్ళు మండాయి. నడుముకి కట్టుకున్న చిన్న సంచీలోని పరికరం మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. నేను పీల్చే గాలిలో సన్న ధూళి ఎంతుందో ఎప్పటికప్పుడు నమోదు చేస్తుందది. నా ఉద్యోగమే అది. చుట్టుపక్కల ఊళ్ళ గాలిని కొలిచి, పొగ ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చి, తగ్గించడానికి ఏం చేయాలో ప్రాంతీయ కమిటీకి చెప్పే ప్రాజెక్టులో పరిశోధకురాలిని. అంత గొప్ప ఉద్యోగం చేసే మనిషిని వంటింట్లో పెట్టి తలుపేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మా ఇంటికి రావాలి.

మేడల మీద పెట్టిన యంత్రాలు చాలవు, మనుషులు నిజంగా ఏం పీలుస్తున్నారో చూద్దామని, అడిగిన వాళ్ళందరికీ ఈ సంచీలు కట్టాం. మా ఆయన కూడా సరదాపడి కట్టుకున్నాడు. వారం తిరిగాక ఇద్దరి రీడింగులూ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన గీత బుద్ధిమంతుడిలా నేల మీదే నడిచింది. నాది పొద్దున్నా సాయంత్రం గోడలెక్కింది.

“చూశావా, మనిషి పద్ధతిగా ఉంటే ఊపిరి కూడా పద్ధతిగా ఉంటుంది! నీదేంటి, కోతిలా గంతులేస్తోంది?” అన్నాడు.

“మీకు వండుతున్నప్పుడు పీల్చింది అది.”

“అబ్బో, మొదలెట్టావా! ఓ గిన్నె కూరకి ఇంత రాద్ధాంతమా?” అని నవ్వుకుంటూ స్నానానికి వెళ్ళిపోయాడు. ఆ నవ్వుకి ఒళ్ళు మండిపోయింది. తిడితే తిరిగి తిట్టొచ్చు. నవ్వేవాణ్ణి ఏం చేస్తాం?

సరే, ఇల్లు ఎలాగూ ఇంతే, ఆఫీసులో చదువుకున్నవాళ్ళుంటారు కదా అనుకున్నాను. మా ప్రాజెక్టు పెద్దాయన నా గీత చూడగానే మొహం చిట్లించాడు.

“ఇది పాడైంది. వంటింట్లోకి తీసుకెళ్ళావా?”

“మనిషికి కట్టిన పరికరం సార్. మనిషి ఎక్కడికెళ్తే అక్కడికి వస్తుంది.”

“అది ఇంటి పొగమ్మా. మనం చూసేది ఊరి గాలి. వంట వేళల్లో గీత ఇలా పైకి లేచిన వాళ్ళవన్నీ తీసెయ్. రేపు కమిటీకి పంపాలి.”

ఒక్కొక్కటే తెరిచి చూశాను. తీసేయాల్సినవాటిలో దాదాపు అన్నీ ఆడవాళ్ళవే. మా ఆయనది భేషుగ్గా ఉంది, ఉంటుంది. నాది పోతుంది. ఒకే ఇల్లు, ఒకే కప్పు! “సార్, లారీలు ఊరి బయటినుంచి పంపమంటున్నాం, బట్టీల పొగ తగ్గించమంటున్నాం, బాగానే ఉంది. వీళ్ళని తీసేస్తే వంటగదుల ఊసే ఎవరూ ఎత్తరు. ఒక్క పొగగొట్టానికి కూడా పైసా రాదు,” అన్నాను. “ముందు పెద్ద విషయాలు చూడనీ. నువ్వు ప్రతిదీ మనసుకి తీసుకుంటావు, అదీ నీతో చిక్కు,” అన్నాడు. నా చదువంతా ఒక మాటతో మనసైపోయింది. ఆయనకైతే అభిప్రాయాలుంటాయి, నాకు మాత్రం మనసుంటుంది కాబోలు.

మధ్యాహ్నం టీ కోసం కింద క్యాంటీన్‌కి వెళ్ళాను. అక్కడి వంటావిడ కూడా సంచీ కట్టుకున్న మనిషే. కిటికీ లేని గదిలో పొయ్యిముందు నిలబడి, దగ్గు ఆపుకుంటూ నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకుంది.

“నా డబ్బా సరిగ్గా పనిచేసిందామ్మా? పడుకున్నప్పుడు కూడా పక్కనే పెట్టుకున్నా. మీరు రాస్తే ఈ గదికి పొగగొట్టం పెడతారటగా?”

“చూస్తున్నారక్కా,” అన్నాను. నా మాటకి నాకే సిగ్గేసింది. గ్లాసు సగంలో వదిలేసి పైకి వచ్చేశాను.

సాయంత్రం ఇంట్లో చెబితే మా ఆయన పేపర్ మడిచాడు. “ఆయన చెప్పినట్టు చేసెయ్యక నీకెందుకు తలనొప్పి? రిపోర్టు మీద నీ పేరు వస్తుందిగా, ఇంకేం కావాలి?” ఇంకేం కావాలో చెప్పడం మొదలుపెడితే ఆయన అన్నం వేళ దాటిపోతుంది. లేచి వంటింట్లోకెళ్ళి తలుపేసుకున్నాను.

మర్నాడు ఆఫీసుకెళ్ళి నిజంగానే కూర్చుని తీసేశాను. ఒక టీచరుది, ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడది, క్యాంటీన్ ఆవిడది. ఆఖరికి నాది. ఒక్కొక్కటి పోతుంటే ప్రాంతమంతా ఎంత ఆరోగ్యంగా తయారైందో! ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండూ మింగేశాను. తర్వాత రిపోర్టు మొదటి పేజీకి వెళ్ళాను. పెద్దాయన స్వయంగా పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లో ఉంది: ‘ఈ ప్రాంత ప్రజలు పీల్చే గాలి’. దాన్ని మరోసారి చదివి, కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను.

ఫోన్ మోగింది. “ఏమ్మా, పంపేశావా?”

“పంపేశాను సార్, కమిటీలో అందరికీ. మీరు తీసెయ్యమన్నవన్నీ తీసేశాను. వాటికి తగ్గట్టు పేరొక్కటి సరిచేశాను.”

“ఏమని?”

“‘ఈ ప్రాంతంలో వంట చేయనివాళ్ళు పీల్చే గాలి’ అని.”