ముప్పై గజాల లోపల

అక్కమ్మ ఇంటికి నంబరు లేదు. భర్త పోయినాక గోరంట్ల దగ్గరి చేను అమ్ముకుని హిందూపురం వచ్చి, ఊరు అయిపోయి చేలు మొదలయ్యే చోట రోడ్డు పక్కన ఒక గది, ముందర రేకుల పంచ వేసుకుంది. అది జరిగి ఏడేండ్లు. మున్సిపాలిటీకి ఆరు అర్జీలు పెట్టుకుంది, ఒక్కదానికీ జవాబు రాలేదు. ధర్మవరంలో ఉన్న కూతురు జాబు వేస్తే, పైన "తిమ్మప్ప లారీ షెడ్డు పక్కన" అని రాయాల్సి వచ్చేది.

తిమ్మప్ప షెడ్డు ఆమె గోడకు పదకొండు గజాల దూరం. లారీలు, బస్సులు బాగుచేసేవాడు. రేకు మీద సుత్తి పడితే అక్కమ్మ గూట్లో చెంబులు కదిలేవి. మొదట్లో ఆమె చెవుల్లో దూది పెట్టుకుంది. బండి బాగయ్యేదాకా ఊరికే కూచునే డ్రైవర్లకు ఆకలేస్తుందని కొన్నాళ్లకు గమనించి, దూది తీసేసి, బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి అమ్మడం మొదలుపెట్టింది.

1959లో చింతపండు వ్యాపారి నారాయణస్వామి శెట్టి రోడ్డుకు అవతల మిద్దె కట్టించాడు. గృహప్రవేశం రోజు తిమ్మప్ప ఒక బస్సు మడ్‌గార్డు సరిచేస్తున్నాడు. మంత్రాలు పురోహితుడికి తప్ప ఎవరికీ వినపడలేదు. నెల తిరక్కముందే శెట్టి మున్సిపాలిటీకి అర్జీ ఇచ్చాడు. తన భార్య పుష్పావతికి తలనొప్పి పట్టుకుందనీ, షెడ్డుకు సెలవు కాబట్టి ఆదివారం మాత్రం ఉండదనీ అందులో రాశాడు. రాసింది నిజమే.

ఓవర్సీరు సీతారామాంజనేయులు టేపు తీసుకుని వచ్చాడు. రిపేరు షెడ్డుకు ముప్పై గజాల లోపల కాపురముండే ఇల్లు ఉండకూడదని రూలు. శెట్టి మిద్దె నలభైరెండు గజాలు వచ్చింది. మళ్లీ కొలవమంటే కొలిచాడు. ఈసారి టేపు కొస శెట్టి పట్టుకున్నందువల్ల నలభైయొకటిన్నర వచ్చింది.

"ఈయమ్మ ఇల్లు ఉండాది కద సార్ మధ్యలో," అన్నాడు శెట్టి.

ఓవర్సీరు రిజిస్టరు తిరగేశాడు. "ఈడ ఇల్లేమీ లేదే."

అక్కమ్మ పంచలో ఎర్రగడ్డలు తరుగుతోంది. "ఉండాది సారూ. నేను దాంట్లోనే ఉండా."

"రిజిస్టర్లో లేదమ్మా," అని ఆయన పంచలో కూచుని, ఒక ప్లేటు ఉగ్గాని తిని వెళ్లిపోయాడు.

మరుసటి రోజు శెట్టి అక్కమ్మ దగ్గరికి వచ్చాడు. "నీ నంబరు సంగతి నేను చూసుకుంటా," అన్నాడు. ఏడేండ్లలో రానిది పది రోజుల్లో వచ్చింది. రేకు బిల్ల మీద నల్లరంగుతో అంకెలు. మేకు కొట్టడానికి అక్కమ్మ దగ్గర సుత్తి లేకపోతే తిమ్మప్పే వచ్చి వాకిలి మీద కొట్టిపోయాడు.

ఆ వారమే తిమ్మప్పకు నోటీసు వచ్చింది. పదకొండు గజాల్లో నంబరు గల ఇల్లు ఉన్నది గనుక నెలలోపల షెడ్డు ఎత్తేయాలి. అతను నోటీసు తెచ్చి అక్కమ్మ పంచలో కూచుని మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాడు.

"బిల్ల నేనే కొట్టినా గదత్తా," అన్నాడు. గొంతులో కోపం లేదు.

"నాకు తెలీదు తిమ్మప్పా."

"తెలీదని నాకు తెలుసులే. పెనుకొండలో ఒక జాగా ఉండాదంటాండారు. పోయి చూడాల."

శెట్టి మాట విన్నప్పుడు, ఇంతకాలం లేని దయ ఇప్పుడెందుకని ఒక్కసారైనా అడగనందుకు అక్కమ్మకు తనమీద తనకే సిగ్గేసింది. తెల్లారి ఎనిమిదింటికే ఆఫీసుకు నడిచింది.

"నాకు నంబరు వద్దు సారూ. వెనక్కి తీసుకోండి."

"ఇచ్చిన నంబరు వెనక్కి తీసుకునే పద్ధతి లేదమ్మా," అన్నాడు ఓవర్సీరు.

"హోటలు గూడా ఇల్లు కిందికే వస్తాదా?"

"రాదు. అది వ్యాపారం."

"అయితే మాది హోటలు. మీరు గూడా తింటిరి గదా."

ఓవర్సీరు ఆ మాట కాదనలేదు. "రాత్రి ఆడనే పండుకుంటావు కదమ్మా?"

"గిన్నెలకు కాపలా ఉండద్దా? అంగడి పెట్టుకున్నోళ్లు అంగట్లో పండుకోకూడదని రూలుందా?"

ఆయన పుస్తకంలో వెతికాడు. అట్లాంటి రూలు దొరకలేదు. విషయం కౌన్సిలు మీటింగుకు పోయింది. గంటసేపు చర్చించి, ఆ నంబరు గలది హోటలనీ, ముప్పై గజాల లోపల ఇండ్లేవీ లేవనీ, నోటీసు రద్దనీ తీర్మానించారు. మంచం గిరాకీల కంటపడకూడదని ఒక షరతు పెట్టారు. అక్కమ్మ మంచానికి అడ్డంగా పాత చీర కట్టింది.

శెట్టి వచ్చి పంచ బయటే నిలబడ్డాడు. "నంబరు ఇప్పిస్తి. నాకు ఇట్ల చేస్తివి."

"చేసినా శెట్టీ," అంది అక్కమ్మ. "పుష్పావతమ్మకు ఎట్లుండాది?"

"అట్లే ఉండాది," అని ఆయన వెళ్లిపోయాడు.

ఆ తలనొప్పి అబద్ధం కాదని అక్కమ్మకు తెలుసు. తను దూది పెట్టుకున్న మనిషి. చేతులు కడుక్కుని నేరుగా షెడ్డుకు పోయింది.

"పొద్దున ఎనిమిదికి ముందర, మధ్యాన్నం ఒంటిగంట నుంచి మూడు దాకా రేకు కొట్టొద్దు. ఇంజను పని చేసుకో."

తిమ్మప్ప లారీ కింద నుంచి తల బయట పెట్టాడు. "మున్సిపాలిటీ వాళ్లు చెప్పినారా?"

"నేను చెప్తాండా."

"నువ్వెట్ల చెప్తావత్తా? ఈడ ఇండ్లు లేవని రాసినారు గదా."

"కొట్టినావంటే నీ డ్రైవర్లకు ఉగ్గాని పెట్టను."

తిమ్మప్ప ఆలోచించాడు. ఆకలిగా ఉన్న డ్రైవర్లను అతను ఇంతకు ముందు చూసి ఉన్నాడు. రెండున్నర దాకా అయితే సరిపోతుందా అని అడిగాడు. అక్కమ్మ మూడే అంది.

పుష్పావతి మధ్యాహ్నం పూట నిద్రపోవడం మొదలుపెట్టింది. శెట్టి అక్కమ్మతో మాట్లాడటానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.