చావాల్సిన మొక్కలు

ఎండు తెగులును ఏ కంది రకం తట్టుకుంటుందో తేలాలంటే ముందు కందిని చావనివ్వాలి. తాండూరు దగ్గర, మట్టిలో కావాలనే తెగులు పెంచే 'తెగులు మడి'లో నూరీన్ పీహెచ్‌డీ అంతా ఆ చావుల లెక్కే. ఏ సాలులో ఎన్ని ఎండాయో వారం వారం రాసుకోవాలి. ఇది మూడో ఏడు, ఆఖరి పంట.

అలాంటి పిల్లను ఆమె గైడు మల్లేశ్వర్ గారు పది రోజులు వికారాబాదులో కట్టేసుకున్నారు. ఎందుకయ్యా అంటే, శిష్యులను తీర్చిదిద్దడం ఎలాగో ఆయన ఉపన్యాసం ఇస్తారట, ఈమె స్లైడ్లు చెయ్యాలట! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. ఆయన ఈ మడిలో కాలు పెట్టి ఏడాది దాటింది.

పదకొండో రోజు గురుశిష్యులిద్దరూ మడికి వచ్చారు. మడి పచ్చగా నవనవలాడుతోంది. ఎండిన మొక్క ఒక్కటైనా కనిపిస్తుందేమోనని నూరీన్ సాలు సాలూ వెతికింది.

"శభాష్! ఒక్కటీ చావలేదు. ఇంక నీ పట్టా వచ్చినట్టే!" అంటూ సారు ఫోటోలకు ఎగబడ్డారు. తెగులుకు తప్పక చస్తుందనే పోలిక కోసం వేసిన రకం కూడా కళకళలాడుతుంటే ఆయనకు అనుమానమైనా రాలేదు.

పొలం చూసుకునే భీమప్ప ఆ పక్కనే మురిసిపోతున్నాడు. నూరీన్ అతన్ని గట్టు దాకా లాక్కెళ్లింది.

"కాకా, ఏం జేసినవ్?"

"సచ్చినయన్నీ పీకేసిన బిడ్డా. సందులల్ల ప్లాస్టిక్ సంచుల పెంచిన నారు నాటిన. మా బషీరాబాద్ దిక్కు గట్లనే జేస్తం. పెద్దసారు జూస్తే నిన్ను తిడ్తడని మస్తు పరేషానైన. గదే ఈడు మొక్కలు తెచ్చిన, ఎవ్వలూ గుర్తువట్టరు!"

నోరు మూసుకుంటే పట్టా. తెరిస్తే ఏడాది గంగపాలు. కానీ ఈ విత్తనాన్ని నమ్మి రేపు కొడంగల్‌లో ఎవరో మునుగుతారు. నూరీన్‌కు ఏడుపొచ్చింది, అంతకు మించి ఒళ్లు మండింది.

"సార్, గీ లెక్క పనికిరాదు. సచ్చినయి తీసి కొత్తయి నాటిండ్రు."

"ఎవడా పని చేసింది?" సారు గర్జించారు.

"తప్పు నాది సార్. ఎందుకు పీకొద్దో కాకకు నేను చెప్పలే."

భీమప్ప బిత్తరపోయాడు. "అంటే సావనీకే నాటిండ్రా? మూడేండ్ల సంది చేస్తున్న, గీ ముక్క ఒక్కలన్న చెప్పలేదు గదనే!"

నూరీన్ కళ్లు తుడుచుకుని గట్టు మీద కూలబడింది. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, తెగులు మడి అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తూ సారు కూడా రెండడుగులు దగ్గరికి జరిగారు.