బావ మార్చిన బండి

ఆ ఏడు మార్చి మొదటి వారంలో మా బావ హెడ్లీ కొలత టేపు పట్టుకుని మా షెడ్డుకి వచ్చాడు. నన్ను పలకరించలేదు. తిన్నగా షెడ్డు వెనక్కి వెళ్ళి, మంచులో సగం కూరుకుపోయిన నీలం బండి మీది తార్పాలిన్ లాగేసి, వంగి దాని కింద తిరిగే రబ్బరు పట్టా పొడవు కొలవడం మొదలుపెట్టాడు.

మంచు మీద నడిచే ఆ స్నోమొబైల్ మా ఊరు ఫాక్స్ టిక్కిల్‌లో కొన్నాళ్ళు పనిచేసి వెళ్ళిపోయిన ఒక టీచరమ్మది. ఇద్దరు కూర్చుని దూరాలు వెళ్ళడానికి చేసిన మోడల్. ఒక మే నెలలో తీరం దగ్గర మంచుగడ్డ విరిగి బండి ఉప్పునీళ్ళలో పడింది. ఆవిడ నడుం దాకా తడిసి బయటపడింది కానీ ఇంజిన్ బతకలేదు. వెళ్ళిపోయేటప్పుడు "గార్లాండ్, నీకేమైనా పనికొస్తుందేమో చూడు" అని నాకు వదిలేసింది. నేను దాని వెనకభాగం మంచినీళ్ళతో కడిగి, గ్రీజు పెట్టి, ఎప్పటికైనా పనికిరాకపోతుందా అని అలా ఉంచాను.

"ఏంటి బావా, దొంగ కూడా ఇంత దర్జాగా రాడు," అన్నాను.

"నూట ముప్పై ఆరు," అన్నాడు తలెత్తకుండా.

"ఏంటి?"

"అంగుళాలు. నా బండి పట్టా నూట ఇరవై ఒకటి. వెడల్పు రెండూ ఒకటే, పదిహేను. నీ పెద్ద పానా ఎక్కడ పెట్టావు?"

అప్పుడర్థమైంది నాకు. టీచరమ్మ బండి వెనక సస్పెన్షన్, పట్టా తీసి తన పాత ఎర్రబండికి వేయాలని వచ్చాడు. ఎవరికోసమో నేను అడగలేదు. అడగక్కర్లేదు.

రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో మా అక్క వయోలా, బావ కలిసి బర్చీ బ్రూక్ దగ్గరున్న తమ కేబిన్ నుంచి తిరిగొస్తున్నారు. బండి ఆయన నడుపుతున్నాడు, ఆవిడ వెనక కూర్చుంది. గడ్డకట్టిన అఖాతం మీద గాలి చెక్కిన మంచుగట్టు ఒకటి అడ్డొచ్చింది. బండి గాల్లోకి లేచి పడింది. ఆ పాత బండికి వెనక స్ప్రింగులు కట్టెలు లాగడానికి చేసినవి, మనుషుల్ని మోయడానికి కాదు. అక్క వెన్నుపూస ఒకటి చిట్లింది. విమానంలో గూస్ బే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడు నెలలు మంచం మీదే ఉంది. లేచి నడిచింది, పొయ్యి దగ్గర నిలబడింది, ఇంటిపనంతా మునుపటిలాగే చేసుకుంది. డాక్టరు మాత్రం గట్టి కుదుపు తగలనివ్వొద్దన్నాడు. అప్పట్నించి ఇద్దరూ కేబిన్ మొహం చూడలేదు. నలభై ఏళ్ళుగా ప్రతి ఏప్రిల్లోనూ వాళ్ళు అక్కడే ఉండేవాళ్ళు, మంచుకి కన్నం పెట్టుకుని ట్రౌట్ చేపలు పడుతూ.

పని ఎనిమిది మధ్యాహ్నాలు పట్టింది. సస్పెన్షన్ విప్పడం పెద్ద పనేమీ కాదు. ఈ పక్కకి రెండు, ఆ పక్కకి రెండు చొప్పున నాలుగు బోల్టులు దాన్ని బండి పొట్టకి పట్టి ఉంచుతాయి. అవి ఊడదీసి, బండిని పక్కకి పడుకోబెట్టి లాగితే మొత్తం బయటికొచ్చేస్తుంది. చిక్కంతా తర్వాతే. టీచరమ్మ పట్టాకి కన్నాల మధ్య దూరం వేరు, బావ బండి పళ్ళచక్రాలకి పళ్ళ మధ్య దూరం వేరు. అలాగే తొడిగితే పది గజాలు వెళ్ళేలోపే పట్టా చిరిగిపోతుంది. కాబట్టి గొలుసుపెట్టె విప్పి, ఇరుసు బయటికి తీసి, దానికున్న చక్రాలు కొట్టి లాగేసి, నీలం బండి చక్రాలు ఎక్కించాం. అవి కొంచెం పెద్దవి. పైన రేకుకి తగులుతాయేమోనని బావ తన చిటికెనవేలు సందులో పెట్టి చుట్టూ తిప్పి చూశాడు.

"వేలు దూరితే చాలు," అన్నాడు.

"నీ వేలు చూశావా, అది వేలా, దుంగా? దూరిందంటే ఏనుగు కూడా దూరుతుంది," అన్నాను.

"బామ్మర్దీ, నువ్వు మాట్లాడే టైములో నేను బేరింగు బిగించేశాను."

పట్టా అడుగుంబావు ఎక్కువ పొడుగు కాబట్టి బండి వెనక్కి కూడా సాగాలి. మూతపడిన చేపల ఫ్యాక్టరీ దగ్గర పారేసిన అల్యూమినియం ట్రేలు కోసి, వంచి, రివెట్లు కొట్టి తోకలా అతికించాం. బోల్టు కన్నాలు ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఒక పూటంతా వాదించుకున్నాం. నేను ముందు కన్నం కిందికి పెడదామన్నాను, ఎత్తు వస్తుందని. ఆయన పైకి పెట్టాలన్నాడు. చివరికి చిన్నవాడిని కదా అని నా మాట విన్నాడు. నాకు యాభై తొమ్మిది.

అక్క రోజూ మూడింటికి ఫ్లాస్కుతో టీ, గుడ్డలో చుట్టిన రొట్టెలు, బేకాపిల్ పళ్ళ జామ్ తెచ్చేది. గుమ్మంలో స్టూలు మీద కూర్చునేది. మేము ఏం చేస్తున్నామో అడిగేది కాదు, కానీ అన్నీ చూసేది.

"ఆ నట్టు ఎడమచేత్తో తిప్పుతున్నావేం?" అంది ఒకరోజు ఆయనతో.

"కుడిది పట్టేసింది."

"నిన్న రాత్రి మెలకువగా ఉండి మూలుగుతున్నావు, అందుకే."

"నేనేం మూలగలేదు."

"సరే, పక్కనెవరో మూలిగారు. మంచం మీద మనం ఇద్దరమే ఉంటాం, కనుక్కో మరి."

ఎనిమిదో రోజు బండి కింద పెట్టి స్టార్ట్ చేశాం. బావ ఎక్కి తీరం వెంబడి ఓ చుట్టు వేశాడు. వెనక మెత్తగా పోతోంది కానీ, బండిని తిప్పే ముందు బద్దలు, స్కీలు, నేల మీద ఆనడం లేదు. వేగం పెంచితే ముక్కు పైకి లేస్తోంది, హ్యాండిలు తిప్పినా బండి తిరగడం లేదు. ఒడ్డున ఎండబెట్టిన పడవకి గుద్దుకోబోయి ఆపాడు. దిగి నావైపు చూశాడు. నేనే అన్నాను, "సరే, కన్నం పైకే పెట్టాల్సింది."

మళ్ళీ విప్పి కన్నం పైకి మార్చాం. సస్పెన్షన్ ముందు కాలిని పట్టి ఉంచే నాడా ఒకటుంటుంది, దాన్ని కూడా ఆయన ఒక కన్నం బిగించాడు. ఈసారి ముక్కు కిందికి దిగింది, స్కీలు మంచుని కరిచాయి. ఆయన తిరిగొచ్చి ఇంజిన్ ఆపి, "దా, ఎక్కు," అని నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఊరి వెనక గుట్టల మీద తిప్పాడు. కావాలనే ప్రతి మిట్టా ఎక్కించాడు. నా నడుం కింద ఎవరో పరుపు పరిచినట్టుంది.

ఇక బయల్దేరడమే అనుకున్నాను. బావ బయల్దేరలేదు.

మొదట గాలి ఎక్కువుందన్నాడు. గాలి తగ్గాక అఖాతం మంచు మీద నీళ్ళు నిలిచాయన్నాడు. అవి గడ్డకట్టాక, ఒక్కసారి బోల్టులు చూడాలన్నాడు. మర్నాడు వచ్చి బిగించాడు. ఆ మర్నాడు మళ్ళీ వచ్చాడు. బిగించినవే బిగిస్తున్నాడు.

"ఆ బోల్టు నీకేం అపకారం చేసింది బావా? నీ చేతిలో దాని తల తెగిపోయేలా ఉంది," అన్నాను.

పానా కింద పెట్టాడు. బండి సీటు మీద చెయ్యి వేశాడు.

"ఆ రోజు ఆకాశం, మంచు ఒకటే రంగులో ఉన్నాయి రా. ఏది మిట్టో ఏది పల్లమో తెలీలేదు. మీ అక్క నా వీపు మీద తట్టింది. రెండుసార్లు. నెమ్మదిగా పొమ్మని. చలేస్తోంది, ఇంటికి తొందరగా చేరిపోవచ్చులే అని నేను ఇంకా వేగం పెంచాను. ఆవిడ తట్టిన సంగతి ఇప్పటిదాకా ఒక్కసారి ఎత్తలేదు. డాక్టరుకీ చెప్పలేదు, మీకెవరికీ చెప్పలేదు. మర్చిపోయిందో, నాకోసం మర్చిపోయినట్టు నటిస్తోందో. స్ప్రింగులు మార్చగలిగాను. హ్యాండిలు పట్టుకునేది మాత్రం అవే చేతులు కదా."

ఆయన పానా తీసుకుని జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. అది నా పానా అని కూడా చెప్పలేకపోయాను.

నేను అక్కతో ఏమీ చెప్పలేదు. కానీ నలభై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషికి ఒకరు చెప్పాలా?

శనివారం పొద్దున ఎండ బాగా కాసింది. అక్క హెల్మెట్ పెట్టుకుని, సీల్ చర్మం బూట్లు వేసుకుని మా షెడ్డు ముందుకొచ్చింది. వెనక బావ. నా బండికి కొమటిక్ కట్టి ఉంది, చెక్క బల్ల లాంటి ఆ మంచుబండి మీద సామానంతా ముందే కట్టేశాను. అక్క సరాసరి ఎర్రబండి ముందు సీట్లో కూర్చుంది.

"అదేంటి, అది నా చోటు," అన్నాడు బావ.

"రెండేళ్ళు ఖాళీగా ఉంచావుగా. నేను ఆక్రమించుకున్నాను."

"వయోలా, నువ్వు బండి పట్టుకుని పాతికేళ్ళైంది."

"నిన్ను పెళ్ళి చేసుకోకముందు మా నాన్న వలలన్నీ నేనే తెచ్చేదాన్ని. అప్పుడు నువ్వు మా కొమటిక్ మీద ఊరికే ఎక్కి వచ్చేవాడివి, గుర్తుందా? ఎక్కు. నడపమంటే నడపను గానీ, వద్దంటే నడుపుతాను."

"అదేం లెక్క?"

"అక్కా, స్టార్ట్ చెయ్యి," అన్నాను నేను.

బావ వెనక ఎక్కాడు. ఆరడుగుల మనిషి, మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడుతూ, చేతులు ముందు సీటు పట్టీకి, తర్వాత బండి వెనక కడ్డీకి, చివరికి ఆవిడ నడుం చుట్టూ వేశాడు. చాలా మెల్లిగా, గుడ్డు పట్టుకున్నట్టు.

నేను వెనక కొమటిక్ లాగుతూ వెళ్ళాను. అక్క పెద్ద వేగంగా పోలేదు, మరీ నెమ్మదిగానూ పోలేదు. మంచుగట్టు కనిపించినప్పుడల్లా కాస్త లేచి, మోకాళ్ళ మీద భారం వేసి, పక్కనించి వంపుగా ఎక్కించేది. కొత్త వెనకభాగం లోపలికి కుంగి మళ్ళీ నెమ్మదిగా పైకి వచ్చేది. ఒక గంట అయ్యాక, అఖాతం మధ్యలో, రెండు రాతి దిబ్బల ఎదురుగా ఆవిడ బండి ఆపింది. నాకు ఆ చోటు తెలుసు. నేనూ ఆపాను.

ఇంజిన్లు ఆగాక అక్కడ ఎంత నిశ్శబ్దమంటే, మా ముగ్గురి ఊపిరి వినిపిస్తోంది.

"ఇక్కడే కదా?" అంది అక్క.

బావ తలూపాడు. హెల్మెట్ తీశాడు. "నువ్వు తట్టావు వయోలా. నేను వినలేదు."

"తట్టాను. నడుం విరిగింది గానీ మతిపోలేదు నాకు."

"మరి ఒక్కసారైనా అనలేదేం?"

"అని ఏం చేసేది? నువ్వు రోజూ పొద్దున్నే లేచి నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావు. మధ్యలో నేనెందుకు, గొంతు నొప్పి తప్ప."

"నా మీద కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదు? మొదటి నెలంతా వచ్చింది. పైకప్పు చూస్తూ పడుకుని నిన్ను ఎన్ని తిట్టుకున్నానో. తర్వాత నర్సు రాని రోజున నువ్వు నా జుట్టు దువ్వడం మొదలుపెట్టావు. అబ్బ, ఎంత చెత్తగా దువ్వేవాడివో. అంత చెత్తగా, అంత జాగ్రత్తగా దువ్వేవాడి మీద ఎన్నాళ్ళని కోపం పెట్టుకోను?"

బావ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయి కళ్ళు తడిశాయి. ఆ చలికి రెప్పల మీద తడి వెంటనే తెల్లబడిపోయింది. అక్క చేతితొడుగు తీసి, వట్టి వేళ్ళతో ఆ మంచు తుడిచింది. నేను కొమటిక్ తాళ్ళు బిగించాల్సిన అవసరం లేకపోయినా, అటు తిరిగి బిగించాను.

కేబిన్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మంచు కిటికీ దాకా పేరుకుంది. నేనూ బావా పారలతో తలుపు తవ్వుతుంటే, అక్క బండి సీటు మీద కూర్చుని అటు కాదు ఇటు అని ఆజ్ఞలిచ్చింది. లోపల పొయ్యి తుప్పు పట్టింది గానీ రాజుకుంది. నేను ఒక టీ తాగి, వెలుతురుండగానే ఊరికి తిరిగొచ్చేశాను.

వారం రోజుల్లో వస్తామన్నవాళ్ళు రాలేదు. తొమ్మిదో రోజు సాయంత్రం మా వంటింట్లో వైర్‌లెస్ రేడియో గరగరలాడింది. మా తీరంలో రేడియోలో మాట్లాడితే ఊరంతా వింటుందని బావకి తెలుసు, అయినా గొంతు పెంచి మరీ మాట్లాడాడు.

"గార్లాండూ, వింటున్నావా? పిండి అయిపోయింది రా. ఒక బస్తా పట్టుకురా. టీపొడి కూడా."

"నువ్వే రావచ్చుగా, మెత్తని బండి ఉందిగా నీకు?"

"ఎక్కడుంది? మీ అక్క తాళంచెవి జేబులో వేసుకుని చేపలకి పోయింది. నాకు ముందు సీటు ఇవ్వదట. వెనకాల కూర్చుంటే ఎంత బావుందో ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదని అడిగితే నవ్వుతోంది."

రేడియోలో ఎవరో ముసలావిడ పకపకా నవ్వింది. ఇంకెవరో "వయోలా, ఇవ్వకు!" అని అరిచారు. మర్నాడు పొద్దున్నే పిండిబస్తా, టీపొడి కొమటిక్‌కి కట్టుకుని నేను బయల్దేరాను.