తడి గోడ పక్కన పడక

డాక్టరమ్మ "పురుగు" అంటే మా అక్క "పరుగు" అని విన్నది. తప్పు అక్కది కాదు, ఆ గదిలో ఫ్యాను మోతకి ఎవరి గొంతు వాళ్లకే వినపడదు. మా బావ గుండెను పాడుచేసింది పరుగేనని తేల్చుకుని, ఇంటికి రాగానే ఆయన చెప్పులు బియ్యం డబ్బా వెనక దాచేసింది. నలభై దాటాక బావ పరుగెత్తింది ఒక్కసారే, అదీ కుక్క తరిమితే. పది రోజులు ఆ కుక్కకి ఒకటే శాపనార్థాలు.

బావ గోడల మేస్త్రీ. నేను ఆయనకు సున్నం కలిపే బావమరిదిని. పాత మట్టి ఇళ్లకు పూత పూస్తాం. పూత పగలకూడదంటే రాత్రీ పగలూ తడుపుతూ ఉండాలి. అందుకని ఏ ఇంట్లో పనైతే ఆ ఇంట్లోనే, తడి గోడ పక్కనే పడుకునేవాళ్లం. ఇరవై ఏళ్లు. పగుళ్లలోంచి నల్ల పురుగులొచ్చి మొహం మీద కుట్టేవి. పొద్దున బావ కన్ను ఉబ్బి ఉంటే, గోడకన్నా నీకే పూత దట్టంగా పడిందని నవ్వేవాణ్ణి.

రెండోసారి ఆసుపత్రికి నేను వెంట వెళ్లాను. బావకు కావలసింది ఒక్కటే, మళ్లీ పరంజా ఎక్కడం. మందేస్తే ఒంట్లో రోగం చస్తుంది, అది చస్తే గుండె బాగవుతుంది. చెదలు దులిపి గోడ పూసేవాడి లెక్క అది.

డాక్టరమ్మ ఈసారి ఫ్యాను ఆపి చెప్పింది. ఆ నల్ల పురుగు రెట్టలోని క్రిమి, కుట్టినచోట గోక్కుంటే ఒంట్లోకి దిగిందట. దాన్ని చంపాలని ఒళ్లు ఇన్నేళ్లూ లోపల మంట పెట్టుకుంటూనే ఉందట. ఆ దెబ్బలు క్రిమికన్నా గుండె కండకే ఎక్కువ తగిలాయి. వాచడం, మచ్చ కట్టడం, మళ్లీ వాచడం.

"మచ్చంటే అతుకు లాంటిదామ్మా?" అన్నాడు బావ.

"అలాంటిదే."

"అతుకు కొట్టుకోదు కదా."

"కొట్టుకోదు," అందామె. ఇప్పుడు క్రిమిని చంపినా మచ్చ మళ్లీ కండ కాదట. ఆయాసానికి మాత్రలిస్తానంది, పరంజా మాత్రం వద్దంది. గోడలు పూసీ పూసీ నీ గుండెలోనూ గోడే మిగిలింది బావా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. అప్పుడామె నావైపు తిరిగి, నేనెక్కడ పడుకునేవాణ్ణో అడిగి, నా రక్తమూ పరీక్షకు తీయించింది.

వారం తర్వాత అక్కనీ, మేనకోడల్నీ, మా ఆవిడనీ కూర్చోబెట్టి చెప్పాను: అది పరుగు కాదు, పురుగు, కుక్క నిర్దోషి. ఎవరూ నవ్వలేదు. అక్క లేచి చెప్పులు తెచ్చి బావ కాళ్ల దగ్గర పెట్టింది. బావ వాటిలో కాళ్లు పెట్టలేదు.

"పురుగైతే," అంది మా ఆవిడ మెల్లగా, "నువ్వూ ఆ గోడ పక్కనే కదా పడుకున్నావు."

జేబులోంచి నా రక్తపరీక్ష కాగితం తీసి, క్రిమి నాకూ ఉందన్న ఆ ముక్కా అందరికీ చదివి వినిపించాను.