పదకొండో గీత

నేను ఒక కాలి కొలత చెక్కను. పొడవు మూరకు తక్కువ, జానకు ఎక్కువ. వెనక మడమ ఆనడానికి ఒక అడ్డపట్టీ, ముందు వేళ్ల దాకా జరిగే ఇత్తడి బిళ్ల. వరంగల్‌లో ఒక వడ్రంగి తలుపు చేయగా మిగిలిన టేకు ముక్కతో నన్ను చేసి, ఒకటి నుంచి పన్నెండు దాకా గీతలు కాల్చాడు. తలుపు కావలసినదాన్ని కాళ్ల కింద పడ్డానని మొదట్లో చిన్నతనంగా ఉండేది. తర్వాత తెలిసింది, తలుపు ముందు మనుషులు నిటారుగా నిలబడతారు, నా ముందు తల వంచుకుని మేజోళ్లు విప్పుతారు.

నన్ను కొన్నది చౌరస్తాలో చెప్పుల దుకాణం పెట్టిన కనకయ్య. మెత్తని మనిషి. ఆయనకొక అలవాటు ఉండేది. ఆడవాళ్ల కాలు కొలిస్తే పైకి ఒక అంకె తగ్గించి చెప్పేవాడు. బిళ్ల ఏడు దగ్గర ఆగితే "ఆరు" అనేవాడు. చెయ్యి మాత్రం ఏడో నంబరు డబ్బా మీదికే పోయేది. చెప్పులు సరిపోయేవి, ఆవిడ సంతోషంగా వెళ్లేది. మగవాళ్లకు ఒకటి పెంచి చెప్పేవాడు. వాళ్లు ఇంకా సంతోషంగా వెళ్లేవాళ్లు. చెక్కను కనుక నోరు మెదపలేదు గానీ, అబద్ధానికి నా వీపు వాడుకుంటున్నాడన్న మంట నాకు ఉండేది.

ఒక చలికాలం ఉదయం స్వరూప అనే అమ్మాయి వచ్చింది. కానిస్టేబుల్ శిక్షణలో ఉంది. ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ. గుమ్మంలో తల వంచింది, అదీ గుమ్మం కోసమే. బెంచీ మీద కూర్చుని నా మీద పాదం పెట్టింది. సన్నగా, పొడుగ్గా ఉంది. బిళ్ల ఎనిమిది దాటి, తొమ్మిది దాటి, పదకొండు దగ్గర ఆగింది. అంతవరకు ఏ ఆడమనిషి కాలూ ఆ గీతను చేరలేదు.

"ఊరంత తిరిగిన కాకా," అంది. "ఆడోళ్ల బూట్లు ఎనిమిదితోనే ఆఖరు. మొగోళ్లవి ఇచ్చిండ్రు. పొడుగు సరిపోతది గని వెడల్పు శాన ఎక్కువ. గుడ్డపీలికలు కుక్కుకొని కవాతు చేస్తున్న. మొన్న కాలెత్తి కొడితే బూటు ఎగిరిపోయి ముంగటామె నడుముకు తాకింది."

"ఆమెకేం గాలే గద?"

"ఆమెకేం గాలే. నాకే అయింది. మల్ల బూటు ఊడితే ఆఖరి కవాతుల నిలబెట్టనన్నడు ఉస్తాదు."

ఉస్తాదంటే కవాతు నేర్పే ఆయన. అందరిలోకీ పొడుగైన మనిషి మొదటి వరుస కుడి చివర నిలబడుతుంది. వరుసంతా ఆమెను చూసే అడుగు సరిచేసుకుంటుంది. ఆ చోటు స్వరూపది. కవాతుకు పన్నెండు రోజులున్నాయి.

"కుట్టిద్దాం తియ్యి," అన్నాడు కనకయ్య. దుకాణం మెట్ల మీద కూర్చుని బూట్లు కుట్టే ఓదేలు వైపు తిరిగి, పాత అలవాటు కొద్దీ చెప్పాడు. "ఓదేలూ, పది. సన్నకాలు."

నేను పదకొండు చూపిస్తూ అక్కడే ఉన్నాను. నా వంక ఎవరూ చూడలేదు. డబ్బాల బేరంలో నోరు తప్పు చెప్పినా చెయ్యి సరిదిద్దేది. కొలతిచ్చి కుట్టించుకున్న ఆడమనిషి ఆ దుకాణంలో ఈమే మొదటిది. ఓదేలు విన్నది విన్నట్టు పదో నంబరు చెక్క అచ్చు తీసి, పక్కలు చెక్కి సన్నం చేసి తోలు బిగించాడు.

అయిదు రోజులకు బూట్లు తీసుకెళ్లింది. మరో రెండు రోజులకు రబ్బరు చెప్పులతో కుంటుతూ వచ్చింది, బూట్లు చేతిలో ఉన్నాయి. బొటనవేలి గోరు నల్లబడింది. మడమ దగ్గర చర్మం లేచిపోయింది.

"కూసో బిడ్డా," అన్నాడు కనకయ్య కంగారుగా.

కూర్చోలేదు. గోడకున్న నన్ను తానే తీసి నేల మీద వేసి, నిలబడే కాలు పెట్టింది. "ఎంతున్నది?"

"పదకొండు," అన్నాడాయన గొంతు తగ్గించి.

"మొన్న పదన్నవ్."

"ఆడపిల్లవు. పదకొండంటే చిన్నబుచ్చుకుంటవేమోనని..."

"నేను చిన్నబుచ్చుకుంటనని నీకెవరు చెప్పిండ్రు? గీ కాళ్లతోనే ఉరికి ఫస్టొచ్చి నౌకరి తెచ్చుకున్న. నువ్వు తగ్గిస్తే అవి తగ్గుతయా? గోరు నల్లగైంది నీదా, నాదా?"

ఓదేలు తోలు గుచ్చే ఆరె పక్కన పెట్టాడు. "ఇన్నేండ్ల సంది ఆడోళ్లకు తప్పు చెప్తున్నవా అన్నా?"

"మొగోళ్లకు గూడ."

ఓదేలు తన పాదాలు చూసుకున్నాడు. "నాది తొమ్మిది అంటివి?"

"ఎనిమిది."

స్వరూప నవ్వు ఆపుకుంది. "గట్టిగ చెప్పు కాకా, నాది. బజారుల ఇనబడాలె."

"పదకొండు," అన్నాడు కనకయ్య. ఎదురు టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. ఆమె కాలు తీయలేదు. వాళ్లు చూపు తిప్పుకునేదాకా అలాగే నిలబడింది. అప్పుడు కూర్చుంది. కనకయ్య నేల మీద గొంతుకూర్చుని గోరువెచ్చని నీళ్లతో మడమ కడిగి దూది పెట్టాడు. నీళ్లు చల్లారిపోతే మళ్లీ కాచి తెచ్చాడు.

పదకొండో నంబరు అచ్చు మగవాళ్ల వెడల్పుది. అందుకని ఓదేలు సన్నం చేసిన ఆ పదో అచ్చుకే వేళ్ల వైపు తోలు ముక్కలు మేకులతో కొట్టి పొడవు పెంచాడు. మూడు రోజులు అన్నం కూడా మెట్ల మీదే తిన్నాడు. కొత్త బూట్లు తొడుక్కుని స్వరూప కాలెత్తి నేలకు కొట్టింది. పై అరలోంచి పిల్లల చెప్పుల డబ్బాలు రెండు పడ్డాయి. బూటు కదలలేదు.

కవాతుకు కనకయ్య, ఓదేలు దుకాణం మూసి వెళ్లారు. నేను మేకుకు వేలాడుతున్నాను కనుక మర్నాడు విన్నదే చెబుతున్నాను. మొదటి వరుస కుడి చివర ఆమె నడుస్తుంటే కనకయ్య కళ్లు ఆ బూట్లను వదలలేదట. ఓదేలు మోచేత్తో పొడిచాడట. "అది ఊడదన్నా, నాకెరుకే. మొఖం చూడు." అప్పుడు చూశాడట. ఎలా ఉందో మాత్రం చెప్పలేకపోయాడు.

ఆ తర్వాత కనకయ్య ఉన్న అంకే చెప్పాడు. కొందరు ఆడవాళ్లు అలిగి వేరే దుకాణానికి పోయారు. మగవాళ్లు అంతకంటే ఎక్కువమంది పోయారు. ఆయన మారలేదు.

ఇప్పుడు దుకాణం లేదు. పాత సామాన్ల గుట్టలో విరిగిన కుర్చీ కింద ఉన్నాను. ఇత్తడి బిళ్ల ఎవరో ఊడదీసుకుపోయారు. నిన్న ఒకావిడ ఏదో వెతుకుతూ నన్ను బయటికి లాగింది. అటూ ఇటూ చూసి, చెప్పు విడిచి, కాలు పెట్టింది. బిళ్ల లేకపోయినా వేళ్లు గీతను తాకాయి. తొమ్మిది. ఆవిడ ఎన్నిసార్లు పెట్టి చూసుకున్నా నేను తొమ్మిదే చూపిస్తాను.